చుట్టం ఉంటేనే నిలిచే ఇల్లు

అశోక్ నగర్‌లో ఎండ వాలే వేళ. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా చదువుకున్న పిల్లలు సంచులు భుజాన వేసుకుని రోడ్డెక్కుతున్నారు. చెరుకు రసం బండికి కట్టిన గజ్జెలు ఘల్లుమంటున్నాయి.

"ఐస్ ఎయ్యాల్నా సార్?"

"రెండు ముక్కలెయ్యి అన్నా."

గ్లాసు కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాను. ఐస్ ముక్క అంచులు అద్దంలా ఉన్నాయి, నడిమధ్య తెల్లటి మసక. అది గడ్డకట్టేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి. ముక్క తేలడానికి ఆ గాలే అక్కర్లేదు, బుడగ ఒక్కటీ లేని ఐసూ నీళ్ళమీద తేలుతుంది. గడ్డకట్టే నీటిలో ప్రతి అణువూ నాలుగు పొరుగు అణువులను పట్టుకుని ఎడంగా నిలబడుతుంది. ఆరేసి కలిసి వలయాలు కడతాయి, వాటి నడుమ చోటు మిగిలిపోతుంది. అందుకే అదే నీరు ఐసయ్యాక 9 శాతం ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది.

ఈ ఖాళీలు మరీ ఇరుకు, మీథేన్ లాంటి వాయువు కాపురానికి చాలవు. కానీ చలీ ఒత్తిడీ గట్టిగా ఉన్నచోట మీథేన్ తోడైతే నీరు వేరే రకం ఇల్లు కడుతుంది. 20 అణువులతో ఒక చిన్న గది: 12 గోడలు, ప్రతి గోడా అయిదు మూలలది. 24 అణువులతో 14 గోడల పెద్ద గది. పక్కగదితో గోడలు పంచుకుంటూ 46 నీటి అణువులు రెండు చిన్న గదులు, ఆరు పెద్ద గదులు లేపుతాయి. గదికొక మీథేన్. రసాయన శాస్త్రం దాన్ని అతిథి అనే పిలుస్తుంది. ఆ అతిథి గోడలతో రసాయన బంధమేదీ కలుపుకోదు, ఊరికే లోపల ఉంటుంది. అది ఉండబట్టే ఇల్లు నిలుస్తుంది! ఎన్నిసార్లు చదివినా ఇక్కడికొచ్చేసరికి పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోతాను.

హైడ్రేట్ అని పిలిచే ఆ ఇళ్ళ బస్తీ ఒకటి మన తీరంలోనే ఉంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగును తొలిచింది. వెయ్యి మీటర్ల నీటి కింద, ఒకచోట 128 మీటర్ల మందాన, బంకమట్టి పగుళ్ళ నిండా హైడ్రేట్! నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఆకూ అలమూ కుళ్ళితే సూక్ష్మజీవులు వదిలిన మీథేనే అక్కడి చుట్టం. ఎప్పుడో పాపికొండల్లో రాలిన ఏ ఆకు ఊపిరో ఆ గదుల్లో ఉండి ఉంటుంది.

హైడ్రేట్‌ను పైకి తెస్తే ఒత్తిడి తగ్గి చిటచిటలాడుతుంది. అగ్గిపుల్ల చూపిస్తే ఒకపక్క మండుతూ ఒకపక్క నీరు కారుతుంది. లీటరు ముద్దలో 160 లీటర్లకు పైగా వాయువు దాగుంటుంది. ఇంధనంగా తీయాలన్న ఆశ సహజమే. కానీ మీథేన్ భూమిని వేడెక్కించే వాయువు. ఆ బస్తీని కదిపేముందు వందసార్లు ఆలోచించాలని నా మనవి.

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారితే, హబ్సిగూడ తర్వాత ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్. 1961లో పుట్టిన ఆ భూభౌతిక పరిశోధన సంస్థలో సముద్రగర్భం నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనుల్లో హైడ్రేట్ జాడలు వెతికారు. ప్రయోగశాలలో దాన్నే తయారుచేసి లేజర్ వెలుగు వేసి చూశారు. చెదిరి తిరిగొచ్చిన వెలుగులో మీథేన్ కంపనం తెలుస్తుంది: పెద్ద గదిలో ఉన్నది కాస్త తగ్గు శ్రుతి, చిన్న గదిలో ఉన్నది కాస్త హెచ్చు శ్రుతి. తలుపు తీయకుండానే ఏ గదిలో చుట్టం ఉందో ఆ వెలుగు చెప్పేస్తుంది.