తేనె కరిగింది, నూనె తేలింది

గాజు గ్లాసులో అడుగున తేనె, దానిమీద నీళ్లు, ఆపైన కొబ్బరినూనె. ఎంట్రన్సు పరీక్షలకు అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే పిల్లల్లో ఎవరిని అడిగినా ఈ వరుసకు కారణం సాంద్రత అని తడుముకోకుండా చెబుతారు. లీటరు తేనె దాదాపు 1.4 కిలోలు, నీళ్లు ఒక కిలో, నూనె సుమారు 920 గ్రాములు. లెక్క సరిపోయింది.

ఇప్పుడు చెంచాతో బాగా కలిపి కాసేపు వదిలేయాలి. కలిపేముందే ఏం జరుగుతుందో పిల్లలచేత నోట్‌బుక్కులో రాయించడం చాలా ముఖ్యం. నూనె మళ్లీ పైకి చేరుతుంది. తేనె మాత్రం అడుగుకు తిరిగి రాదు. సాంద్రతలో తేడా తేనెకూ నీళ్లకూ మధ్యే ఎక్కువ కదా, మరి అవెందుకు విడిపోలేదు? అసలు పాఠం ఈ ప్రశ్నతోనే మొదలవ్వాలి.

నీళ్లలో లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అందుకే నూనె బొట్టును పైనుంచి నొక్కే బలం కన్నా కిందినుంచి తోసే బలం ఎక్కువ. ఈ తేడా, బొట్టు పక్కకు నెట్టిన నీళ్ల బరువుతో సమానం. ఆర్కిమెడిస్ చెప్పింది ఇదే. బొట్టు బరువు అంతకన్నా తక్కువ కాబట్టి అది పైకొస్తుంది. నూనె చిక్కగా ఉంటుంది కదా, మునగాలి కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. చిక్కదనం వల్ల బొట్టు నెమ్మదిగా కదులుతుందే గాని వరుస మారదు.

ఏది పైన, ఏది కింద అన్నంతవరకే సాంద్రత చెప్పగలదు. విడిగా ఉంటాయా, కలిసిపోతాయా అన్నది అణువుల వ్యవహారం. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. తేనెలోని చక్కెర అణువులకు ఆ పట్టులో చోటు దొరుకుతుంది, నూనెకు దొరకదు. ఒకసారి కరిగాక చక్కెర అణువులు వేడివల్ల ఎంత చురుగ్గా అటూఇటూ కదులుతుంటాయంటే, గ్లాసంత లోతులో భూమ్యాకర్షణ వాటిని అడుగుకు చేర్చలేదు.

పంజాగుట్టలో పెట్రోలు బంకుకు వెళ్తే ఇదే పాఠం మరో రూపంలో కనిపిస్తుంది. పెట్రోలు సాంద్రత 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి. ఎండకు ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి హైడ్రోమీటరు రీడింగును 15 డిగ్రీలకు సరిచేసి చూస్తారు. వట్టి పెట్రోలయితే ట్యాంకులోకి దిగిన నీళ్లు అడుగున విడిగా చేరతాయి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పెట్రోలుతోనూ నీళ్లతోనూ కలుస్తుంది, అందువల్ల కొద్దిపాటి నీళ్లు కంటికి కనబడకుండా కలిసిపోతాయి. నీళ్లు హద్దు దాటితే మాత్రం ఇథనాల్‌లో చాలా భాగం పెట్రోలును వదిలి నీళ్లతో పాటు అడుగుకు దిగుతుంది. అప్పటిదాకా ఒక్కటిగా ఉన్న ద్రవం రెండు పొరలవుతుంది.

పంజాగుట్టలోనే నిమ్స్ ఆసుపత్రి ఉంది. అలాంటి ఆసుపత్రుల ల్యాబుల్లో చేసే ఈఎస్‌ఆర్ పరీక్షలో నిలబెట్టిన గొట్టంలో ఎర్ర రక్తకణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో కొలుస్తారు. కణాల సాంద్రత నీటికి దాదాపు 1.1 రెట్లు, ప్లాస్మాది 1.025 రెట్లు. కణం చక్కెర అణువుకన్నా ఎన్నో కోట్ల రెట్లు పెద్దది కాబట్టి దాన్ని భూమ్యాకర్షణ కిందికి లాగగలదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఈ పని నిమిషాల్లో అయిపోతుంది. అడుగున ఎర్రకణాలు, మధ్యలో తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ ఉన్న పలచని పొర, పైన పసుపుపచ్చని ప్లాస్మా. అలా తిప్పినా, ఆ ప్లాస్మాలో కరిగిన ఉప్పూ గ్లూకోజూ మాత్రం పైనా కిందా దాదాపు ఒకే మోతాదులో ఉంటాయి.