డిగ్రీలోనే రీసెర్చ్: లిబరల్ ఆర్ట్స్ కాలేజీని మీరు ఏం అడగాలి?

"అన్నా, అమెరికాలో బ్యాచిలర్స్ చేద్దామనుకుంటున్నా, రీసెర్చ్ చేసే ఛాన్స్ ఎక్కడ బాగా దొరుకుతుంది?" అని కొంతమంది అడుగుతూ ఉంటారు. దీనికి మనవాళ్ళు టక్కున చెప్పే జవాబు ఒక్కటే. పెద్ద యూనివర్సిటీ, పెద్ద ల్యాబ్. అది తప్పని నేను అనను. కానీ మన లిస్టులో అసలు కనిపించని కాలేజీలు కొన్ని ఉన్నాయి. వాటినే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు అంటారు. ఈ రోజు వాటి గురించి మాట్లాడుకుందాం.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. మన దగ్గర ఆర్ట్స్ అంటే సైన్స్ కానిది అని అర్థం. అక్కడ అలా కాదు. ఈ కాలేజీల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ అన్నీ ఉంటాయి. హిస్టరీ, మ్యూజిక్ కూడా ఉంటాయి. మొదటి రెండేళ్ళు రకరకాల సబ్జెక్టులు చదివి, ఆ తర్వాత ఒక మేజర్ తీసుకుంటారు. కాలేజీ చిన్నది, క్లాసులు చిన్నవి. ముఖ్యమైన విషయం ఏంటంటే, వీటిలో చాలావాటిలో పీహెచ్‌డీ స్టూడెంట్స్ ఉండరు.

అది మైనస్ కదా అనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆలోచించండి. పెద్ద యూనివర్సిటీ ల్యాబ్‌లో ప్రొఫెసర్ కింద పోస్ట్‌డాక్స్, వాళ్ళ కింద పీహెచ్‌డీ వాళ్ళు ఉంటారు. డిగ్రీ స్టూడెంట్ వంతు వచ్చేది చివర్లో. చిన్న కాలేజీలో ప్రొఫెసర్‌కి రీసెర్చ్ సాగాలంటే ఉన్నది డిగ్రీ పిల్లలే. మెషీన్ ముందు కూర్చునేది మీరే. పని బాగా వస్తే, పేపర్ మీద ప్రొఫెసర్ పేరు పక్కన మీ పేరు కూడా పడొచ్చు.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. క్రిస్పర్ జీన్ ఎడిటింగ్‌కి 2020లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా డిగ్రీ చేసింది కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీలో. ఆమె మొదటి రీసెర్చ్ అక్కడే, షారన్ పానసెంకో అనే ప్రొఫెసర్ ల్యాబ్‌లో. తర్వాత ఆమె పోస్ట్‌డాక్ చేసింది థామస్ చెక్ దగ్గర. ఆయన 1989 కెమిస్ట్రీ నోబెల్ విజేత. ఆయన డిగ్రీ కూడా అయోవాలోని గ్రిన్నెల్ అనే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలోనే! అలాగని అక్కడ చేరిన అందరికీ నోబెల్ వస్తుందని కాదు. చిన్న కాలేజీలో మొదలుపెట్టినంత మాత్రాన పెద్ద రీసెర్చ్‌కి దారి మూసుకుపోదు, అంతే.

ఇప్పుడు ఒక కాలేజీని దగ్గరగా చూద్దాం. ఒహాయో రాష్ట్రంలో వూస్టర్ అని ఒక చిన్న ఊరు. అక్కడి కాలేజ్ ఆఫ్ వూస్టర్ 1866లో పెట్టింది. అక్కడ ఇండిపెండెంట్ స్టడీ అనే పద్ధతి ఉంది, పొట్టిగా ఐఎస్ అంటారు. 1940ల చివర్లో, హోవర్డ్ లోరీ అనే ఆయన ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు మొదలైంది. రూల్ సింపుల్. టాపర్లు మాత్రమే కాదు, డిగ్రీ కావాలంటే ప్రతి స్టూడెంటూ సొంతంగా ఒక రీసెర్చ్ చేయాల్సిందే.

మూడో ఏడాది ఒక సెమిస్టర్ రీసెర్చ్ ఎలా చేయాలో నేర్చుకుంటారు. నాలుగో ఏడాది రెండు సెమిస్టర్లూ ఒక ప్రొఫెసర్ గైడెన్స్‌లో సొంత ప్రాజెక్ట్. చివర్లో థీసిస్ ఇచ్చి, ఇద్దరు ప్రొఫెసర్ల ముందు కూర్చుని వాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్పాలి. సైన్స్ వాళ్ళు ప్రయోగం చేస్తారు, మ్యూజిక్ వాళ్ళు కొత్త సంగీతం కట్టొచ్చు, థియేటర్ వాళ్ళు నాటకం వేయొచ్చు. ప్రయాణానికో సామాన్లకో డబ్బు కావాలంటే కోప్‌లాండ్ ఫండ్ అని కాలేజీలోనే ఉంది, దానికి అప్లై చేసుకోవచ్చు. థీసిస్ ఇచ్చే చివరి రోజుని ఐఎస్ మండే అంటారు. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక టూట్సీ రోల్ చాక్లెట్ ఇస్తారు, క్యాంపస్‌లో ఊరేగింపు కూడా! ఏడాది కష్టానికి ఒక్క చాక్లెట్టా అని నవ్వొస్తుంది గానీ, ఆ చాక్లెట్ కోసం వాళ్ళు పడే తిప్పలు మామూలుగా ఉండవు.

ఇక్కడ ఒక డౌట్ రావాలి మీకు. మన బీటెక్‌లో కూడా ఫైనల్ ఇయర్ మేజర్ ప్రాజెక్ట్ ఉంది కదా, తేడా ఏంటి? మన దగ్గర చాలా ప్రాజెక్టులకి టైటిల్ రెడీగా దొరుకుతుంది, కోడ్ కూడా దొరుకుతుంది. ఎక్కడ దొరుకుతుందో అమీర్‌పేట్ తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రీసెర్చ్‌లో అసలు కష్టం ప్రశ్న తయారుచేసుకోవడం.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. "ఉప్పు వల్ల పర్యావరణానికి నష్టమా?" అనేది రీసెర్చ్ ప్రశ్న కాదు, వ్యాసరచన పోటీ టాపిక్. ప్రొఫెసర్ వెంటనే అడుగుతారు: ఏ వాగు? ఏ నెలల్లో? ఏం కొలుస్తావు? అప్పుడు ప్రశ్న ఇలా మారుతుంది: "ఈ వాగులో, రోడ్డు దాటకముందు ఒకచోట, దాటాక ఒకచోట, జనవరి నుంచి ఏప్రిల్ దాకా వారం వారం నీళ్ళు తీసి ఎలక్ట్రికల్ కండక్టివిటీ కొలిస్తే తేడా ఎంత?" నీళ్ళలో ఉప్పు పెరిగితే కండక్టివిటీ పెరుగుతుంది. ఇప్పుడు ఇది ఒక డిగ్రీ స్టూడెంట్ ఒక సెమిస్టర్‌లో చేయగలిగే పని. జవాబు గూగుల్‌లో లేదు, చలిలో వాగు దగ్గరికి వెళ్ళాల్సిందే. ఇలా ప్రశ్నని చెక్కడం నేర్పడానికే ఒక మనిషి మీతో కూర్చుంటారు. చిన్న కాలేజీలో మీరు కట్టే ఫీజుకి దొరికే అసలు వస్తువు అదే.

ఇప్పుడు డబ్బు, వీసా. ఇది చాలా ముఖ్యం, స్కిప్ చేయకండి. అమెరికాలో సమ్మర్ రీసెర్చ్‌కి ఫేమస్ ప్రోగ్రామ్ ఆర్‌ఈయూ, నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నడుపుతుంది. ఆ స్టైపెండ్ అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ మాత్రమే. ఎఫ్-1 మీద వెళ్ళినవాళ్ళకి రాదు. అమ్మానాన్న హెచ్-1బీ మీద ఉండి, చిన్నప్పటి నుంచీ అక్కడే పెరిగిన మన తెలుగు పిల్లలు ఉన్నారు చూడండి, హెచ్-4 మీద ఉన్నవాళ్ళు, వాళ్ళకీ రాదు. ఎఫ్-1 వాళ్ళు క్యాంపస్‌లో జీతానికి పని చేయొచ్చు, క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటల వరకు. హెచ్-4 పిల్లలకి ఆ వీలు కూడా లేదు.

అందుకే వూస్టర్ లాంటి పద్ధతి మనవాళ్ళకి బాగా పనికొస్తుంది. అక్కడ రీసెర్చ్ అనేది సిలబస్‌లో భాగం. జీతం కాదు, క్రెడిట్. మీ వీసా ఏదైనా దాన్ని మీ నుంచి ఎవరూ తీసేయలేరు. సెలెక్షన్‌లో నెగ్గితే వచ్చే అవకాశం వేరు, చేరినరోజే మీ పేరు మీద రాసిపెట్టి ఉన్న అవకాశం వేరు.

మైనస్‌లు కూడా చెప్పుకోవాలి కదా. చిన్న కాలేజీలో ఒక సబ్జెక్టుకి ప్రొఫెసర్లు కొద్దిమందే ఉంటారు. మీకు ఇష్టమైన టాపిక్ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేకపోవచ్చు. చాలా ఖరీదైన మెషీన్లు ఉండకపోవచ్చు. ఫీజు తక్కువేమీ కాదు. వెబ్‌సైట్‌లో ఉన్న ఫీజు చూసి భయపడొద్దు, చూసి నమ్మేయొద్దు కూడా. స్కాలర్‌షిప్ పోను మీ చేతి నుంచి ఎంత పడుతుందో లెక్క రాతపూర్వకంగా అడగండి. ఇంకో సంగతి, కాలేజీ పేరు చెప్తే మీ బంధువుల్లో సగం మంది "అదెక్కడుంది?" అంటారు. దానికి రెడీ అయిపోండి.

కాబట్టి, ఏ కాలేజీకి అప్లై చేసినా "రీసెర్చ్ అవకాశాలు ఉన్నాయా?" అని అడగొద్దు. ఉన్నాయనే చెప్తారు, ఎవరైనా. ఈ నాలుగు అడగండి. ఒకటి, రీసెర్చ్ అందరూ చేస్తారా, కొందరికేనా? రెండు, గైడ్ వారానికి ఎంతసేపు కూర్చుంటారు? మూడు, సమ్మర్ డబ్బులు ఇంటర్నేషనల్ స్టూడెంట్స్‌కి కూడా ఇస్తారా? నాలుగు, పోయిన ఏడాది నా మేజర్‌లో వాళ్ళు ఏం చేశారు? ఈ నాలుగోదానికి కొన్ని కాలేజీల లైబ్రరీ వెబ్‌సైట్లలో పాత థీసిస్‌ల టైటిల్స్ దొరుకుతాయి. వూస్టర్‌వి ఓపెన్ వర్క్స్ అనే సైట్‌లో ఉన్నాయి. ఒక పది టైటిల్స్ చదవండి, బ్రోషర్ కంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఇక్కడే డిగ్రీ చదివేవాళ్ళు కూడా వినండి. 2022లో యూజీసీ ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్ ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 'ఆనర్స్ విత్ రీసెర్చ్' అని ఉంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన వస్తే నాలుగో ఏడాది ఒక గైడ్ కింద రీసెర్చ్ చేయొచ్చు. మీ కాలేజీలో అది ఉందా, గైడ్ చేసేవాళ్ళు ఎవరు అని ఇప్పుడే కనుక్కోండి. మూడో ఏడాది అయిపోయాక కాదు.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ చుట్టూ కనిపించే ఏదో ఒక విషయం మీద ఒక ప్రశ్న రాసుకోండి. ఎక్కడ, ఎప్పుడు, ఏం కొలుస్తాను అని మూడుసార్లు చెక్కండి. దానికి కాలేజీ అక్కర్లేదు, వీసా అసలే అక్కర్లేదు.