పొయ్యి ఊదిన ఊపిరి

మా పెద్దమ్మ జన్మలో చుట్ట ముట్టి ఎరగదు. అయినా పొగరాయుళ్ళకు వచ్చే సి.ఓ.పి.డి. జబ్బే ఆవిడకూ వచ్చింది. 40 ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదింది మరి! ఆ పొగ కూడా ఊపిరితిత్తులను చెరుపుతుంది.

బంజారా హిల్స్‌లో మా ఇంటికి వచ్చాక నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసం. "నువ్వు కదలకు పెద్దమ్మా!" అని నేనే కుర్చీ వేశాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నాకేం తెలుసు? కదలకపోతే కాళ్ళ కండలు నీరసిస్తాయట. నీరసించిన కండలకు కాస్త పనికే ఎక్కువ గాలి కావాలి. అంచేత ఆయాసం మరింత పెరిగింది.

ఆస్పత్రిలో 30 మీటర్ల వసారాలో 6 నిమిషాలు నడిపించి, ఎంత దూరం నడిచిందో కొలిచారు. తర్వాత ఊపిరి నేర్పారు. ఈ జబ్బులో గాలి బయటికి రావడమే కష్టం. కనుక ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలాలి.

"ఓస్, పొయ్యి ఊదడమేగా!" అన్నది పెద్దమ్మ.

మందులు మానకుండా 8 వారాలు నడక, ఊపిరి సాధన సాగాయి. చెడిన ఊపిరితిత్తులు బాగుపడవు. కాని కాళ్ళకు బలం, మనసుకు ధైర్యం వచ్చాయి. మీ ఇంట్లోనూ ఇలా ఆయాసపడే పెద్దలుంటే, కుర్చీ వేసేముందు డాక్టరునొకమాట అడగండి.

ఇప్పుడు పెద్దమ్మ పొద్దున్నే నాతో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుకు వస్తుంది. ఎత్తు వచ్చినచోట ఆగి, ఊది, మళ్ళీ నడుస్తుంది. నేను వెనకబడితే, "నువ్వు కూర్చో నాయనా!" అంటుంది.