వలసజనులు – వాడుక పేర్లు

బోధన్, వర్ని ప్రాంతాలలో సంచరించేవారికి కొన్ని ఊళ్ళ పేర్ల చివర ‘క్యాంపు’ అనే మాట కనిపిస్తుంది. అక్కడ డేరాలు లేవు. డాబా ఇళ్ళు, గుళ్ళు, బడులు ఉన్నాయి. తాత్కాలికమైన విడిది అని అర్థమిచ్చే ఆ మాట మాత్రం తరతరాలుగా నిలిచిపోయింది.

మంజీరా నదిపై 1923లో ప్రారంభమైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో ముగిసింది. కాలువల కింది సేద్యంలో ఆరితేరిన కోస్తా జిల్లాల రైతులు క్రమంగా ఇక్కడికి తరలివచ్చి, భూములు కొని స్థిరపడ్డారు. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. చెరకు సాగు విస్తరించింది. ఆ కర్మాగారం 2015లో మూతపడినా శక్కర్‌నగర్ అనే పేరు మిగిలే ఉంది. పేర్లకు ఆయుర్దాయం ఎక్కువ.

వచ్చినవారిని స్థానికులు ‘గుంటూరోళ్ళు’ అన్నారు. వారిలో కృష్ణా, గోదావరి తీరాలవారూ ఉన్నారు. పిలుపుకు ఆ భేదం పట్టలేదు. పిదప ‘సెట్లర్లు’ అనే ఆంగ్లపదం వ్యాప్తిలోకి వచ్చింది. స్థిరపడినవారని దాని అర్థం. విచిత్రమేమంటే, వాడుకలో అది ఇంకా ఈ ఊరివారు కానివారనే భావాన్నే ధ్వనిస్తుంది!

ఈ పిలుపులన్నీ కేవలం పరిహాసానికి పుట్టినవి కావు. భూములు, కొలువులు చేజారిపోతున్నాయన్న స్థానికుల ఆవేదన వాటి వెనుక ఉంది. నిజాం రాజ్యంలో స్థానికుడు ‘ముల్కీ’, పరాయివాడు ‘గైర్ ముల్కీ’. 1919 నాటి ఫర్మానా ప్రకారం పదిహేనేండ్లు నివసించినవారు ముల్కీలు కావచ్చు. కాని కాగితం మార్చిన పేరును నోరు అంత త్వరగా మార్చుకోదు. 1952లో హైదరాబాదు రాష్ట్రంలో చెలరేగిన ఆందోళనకు ముల్కీ అనే ఆ మాటే పేరయింది.

ఐరోపా నిర్వాసితులకూ ఇదే అనుభవం. రెండవ ప్రపంచయుద్ధానంతరం కెనడా చేరినవారిని అధికారుల పత్రాలలోని పొడి అక్షరాలతో ‘డీపీ’లని ఎద్దేవా చేశారు. ఆస్ట్రేలియాలో వారు ‘రెఫో’లు. అక్కడి వలసల మంత్రి ఆర్థర్ కాల్వెల్ ‘న్యూ ఆస్ట్రేలియన్’ అనే గౌరవనామాన్ని ప్రోత్సహించాడు. కొంతకాలానికి అదీ వేరుచేసి చూపే గుర్తే అయింది.

ఇవన్నీ చూచేవారు పెట్టిన పేర్లు. ‘కాందిశీకుడు’ అనే మాట తీరు వేరు. ‘కాం దిశం’, అనగా ఏ దిక్కునకు పోదును, అని పారిపోయేవాడు వేసుకొనే ప్రశ్న నుండి అది పుట్టింది. ‘శరణార్థి’ కథ మరింత చిత్రమైనది. తెలంగాణ పల్లెలలో ఆ మాట ‘శనార్తి’గా మారి నమస్కారమైంది. వలస వచ్చినవారిని కాదు, తనను తానే శరణు కోరేవాడిగా చెప్పుకొంటూ, పుట్టి పెరిగిన ఊరిలోనే మనిషి ఎదుటివారికి చేతులు జోడిస్తాడు.