కంప్యూటరు మేలుకొనకున్నచో

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును ఒకే రైలుదారిమీది యూళ్ళు. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలనుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. మొదటిదానికి చింతపండు బేరము పేరు, రెండవదానికి విజయనగర రాజుల కోటయు, 2019 నుండి కారుల కర్మాగారమును, మూడవదానికి పట్టుమగ్గము. మూడుచోట్లను ఇండ్లలోనికి కంప్యూటరు వచ్చినది. దానియెదుట గూర్చుండి లెక్కలు వ్రాయు సోదరీమణులును కలరు.

ధర్మవరమున చీరయంచుల, కొంగుల నమూనాలను పూర్వము గళ్ళకాగితముపై చేతితో వ్రాసెడివారు. ఇప్పుడు కంప్యూటరుపై గీసి, దానినిబట్టి జకార్డు అట్టలకు రంధ్రములు కొట్టించుచున్నారు. శ్రావణమాసపు పెండ్లిండ్లకు చీరలందింపవలసిన దినములలో, మీట నొక్కినను ఆ పెట్టె పలుకకుండెనేని ఇంటిల్లిపాదికిని గుండె యదరును. పోయినది యంత్రమా, లేక యేండ్లతరబడి కూర్చుకొన్న నమూనాలా?

ఈ భయమునకే ముందు సమాధానము చెప్పెదము. నమూనాలు, లెక్కలు, పిల్లల ఫోటోలు అన్నియు హార్డుడిస్కు అను వేరు భాగమున నుండును. పెట్టెకు కరెంటు అందకుండుటకును, డిస్కులోని వ్రాతకును సాధారణముగా సంబంధము లేదు. ఇంట దీపమారినంతమాత్రమున భోషాణములోని పత్రములు చెరిగిపోవునా? పిడుగుపాటువంటి యాపదలో మాత్రము డిస్కునకును హాని కలుగవచ్చును.

ఇక రెండు జబ్బులను ఒకటిగా నెంచరాదు. మీట నొక్కగా లోపలి ఫ్యాను తిరిగి, చిన్న దీపము వెలిగి, తెరమాత్రము నల్లగా నున్నచో కరెంటు అందినట్లే. అప్పుడు తెరకు వచ్చు తీగెలను, లోపల ర్యాము అను పలక వదులైనదేమో చూడవలెను. ఫ్యానుగాని దీపముగాని చప్పుడుగాని యేమియు లేనిచో అది మేము చెప్పబోవు జబ్బు.

దీనికి గోడనుండి పెట్టెవైపు ఒక్కొక్క యడుగే నడువవలెను. ముందు అదే సాకెట్టులో ఫోను ఛార్జరు పెట్టి చూడుడు. గోడ నిర్దోషియైనచో యు.పి.ఎస్.ను తప్పించి పెట్టెను నేరుగా గోడకే తగిలింపుడు. యు.పి.ఎస్. బ్యాటరీ మూడు నాలుగేండ్లకు నీరసించుట మామూలే. నింద మాత్రము కంప్యూటరుపై పడును! తరువాత తీగె. పెట్టెకును తెరకును గోడనుండి వచ్చు తీగెలు పలుమారు ఒకే విధముగా నుండును గనుక ఒకదాని స్థానమున మరియొకటి పెట్టి చూడవచ్చును. కానియైన ఖర్చులేని యీ పరీక్ష మాకు మిక్కిలి ప్రియము. పెట్టె వెనుక నొక చిన్న స్విచ్చి గూడ కలదు. చీపురు తగిలియో, పిల్లల చేయి తగిలియో అది సున్నవైపు ఒరిగియుండవచ్చును. కొన్ని పాత పెట్టెలకు 115, 230 అను అంకెలుగల యెఱ్ఱని మీట యుండును. మన దేశపు కరెంటు 230 వోల్టులది. దానిని 115 వైపు త్రిప్పితిరా, లోపలిభాగము కాలిపోవును.

ఇవన్నియు సరిగా నున్నచో ప్లగ్గు పూర్తిగా తీసి, ముందరి మీటను అరనిముసము నొక్కిపట్టి, కొంతసేపు తాళి మరల తగిలింపుడు. కరెంటు ఒక్కసారి హెచ్చుతగ్గులైనప్పుడు కొన్ని యంత్రములు తమ్ము తామే బిగించుకొనును. నిలువయున్న శక్తి దిగిపోగా తేరుకొనును.

అప్పటికిని లేవకున్నచో దోషము ముందరి మీటలోనో, మదరుబోర్డులోనో, కరెంటును పంచి యిచ్చు ఎస్.ఎం.పి.ఎస్.లోనో యుండును. మన సీమలో వానలు తక్కువ, దుమ్ము మెండు. అది ఫ్యానులో పేరుకొని వేడి పెంచి, భాగముల యాయువు తగ్గించును. ప్లగ్గు తీసి, పెద్దపెట్టె మూత విప్పి మెత్తని కుంచెతో దుమ్ము దులుపుట మనము చేయదగినదే. ఎస్.ఎం.పి.ఎస్. అను ఇనుపడబ్బీని మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాతను అందు మున్నూరు వోల్టులకు మించిన శక్తి కొంతకాలము నిలిచియుండవచ్చును. అది పాముపుట్ట!

మరమ్మతువాడు "బోర్డు పోయినది, క్రొత్తది కొనుడు" అనగానే తల యూపవలదు. మంచి ఎస్.ఎం.పి.ఎస్. నొకదానిని మన యెదుటనే తగిలించి చూపుమనుడు. కొలది నిముసముల పని; ఆ డబ్బీ వెల క్రొత్త యంత్రపు వెలలో స్వల్పభాగమే. కరెంటు జబ్బునకు డిస్కును చెరిపి మరల నింపవలసిన పని లేదని గూడ స్పష్టముగా చెప్పుడు. పెట్టెను అంగడిలో విడిచి రావలసివచ్చినచో డిస్కును ముందే యూడదీయించి, మెత్తని గుడ్డలో చుట్టి యింట నుంచుకొనుట మేలు. అది లేకున్నను కరెంటు పరీక్ష సాగును.