గర్భసంచి గడ్డలు: దాపరికం వద్దు, తొందరపాటూ వద్దు

ఇంటిల్లిపాది అనారోగ్యాన్ని కనిపెట్టి చూసే గృహిణి తన నెలసరి బాధను మాత్రం ఎవరికీ చెప్పుకోదు. రక్తస్రావం వారం దాటినా ఓర్చుకుంటుంది. ఆయాసం, నీరసం ముదిరాక రాజాంలోనో, విజయనగరంలోనో స్కానింగ్ చేయిస్తే ‘ఫైబ్రాయిడ్లు’ అని తేలుతుంది. అంతవరకూ దాచుకున్న బాధకు అప్పుడు ‘సంచి తీయించేస్తే పీడ వదులుతుంది’ అనే సలహా సిద్ధంగా ఉంటుంది. దాపరికం, తొందరపాటు రెండూ నష్టదాయకమే.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగింపు జరిగినవారు దేశంలో 3.2 శాతం కాగా, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలన్నిటిలో ఇదే అత్యధికం. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఫైబ్రాయిడ్లు గర్భసంచి కండరంలో పెరిగే గడ్డలు. ఇవి క్యాన్సర్‌గా ఉండటం అత్యంత అరుదు. అండాశయాల నుండి వెలువడే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు వీటిని పెంచుతాయి. నెలసరి ఆగిపోయాక ఆ హార్మోన్లు తగ్గి, గడ్డలు సాధారణంగా కుంచించుకుపోతాయి. ముప్ఫై, నలభైలలో ఉన్నవారికి, తల్లికో అక్కచెల్లెళ్ళకో ఇవి ఉన్నవారికి, చిన్న వయసులోనే రజస్వల అయినవారికి, సంతానం కలగనివారికి ముప్పు ఎక్కువ. ఒంట్లోని కొవ్వు కూడా ఈస్ట్రోజన్‌ను తయారు చేస్తుంది గనుక స్థూలకాయం మరో కారణం. విటమిన్ డి లోపానికీ వీటికీ సంబంధం కనిపిస్తోంది. ఇంటిపట్టునే ఉండే మన సోదరీమణులు పెరటిలోనో, డాబా మీదనో కాసేపు ఎండ తగిలేలా చూసుకోవడం మేలు.

బాధ లేని గడ్డలకు చికిత్స అవసరం ఉండకపోవచ్చు. అప్పుడప్పుడు పరీక్ష చేయించుకుంటే చాలు. అధిక రక్తస్రావానికి మందులు, హార్మోన్ లూప్ ఉన్నాయి. సంచిని ఉంచి గడ్డలను మాత్రమే తీసే ఆపరేషనూ ఉంది. ఇవేవీ ఫలించనప్పుడు, లేదా ప్రత్యేక కారణమున్నప్పుడు సంచి తొలగింపు సరైన చికిత్సే కావచ్చు. అయితే దానితోపాటు అండాశయాలనూ చిన్న వయసులోనే తీసివేస్తే ఎముకలు బలహీనపడతాయి, గుండెకూ ముప్పు పెరుగుతుంది. అందుకే సంతకం చేసే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: ఆపరేషన్ ఎందుకు? వేరే మార్గం లేదా? అండాశయాలను ఉంచుతారా? మరో వైద్యురాలి అభిప్రాయం తీసుకోవడం మన హక్కు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనతకూ చికిత్స తీసుకోవాలి.

ఎడతెగని రక్తస్రావం వల్ల నమాజు మానవలసిందేనా అని హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) దైవప్రవక్త (స) వారినే అడిగారు. అది బహిష్టు కాదని, నరం నుండి వచ్చే రక్తమని ఆయన (స) వివరించారు. ఇదే ఇస్తిహాజా, ఆ స్థితిలో నమాజు మాఫీ కాదు. హనఫీ ఫిఖహ్‌లో బహిష్టుకు గరిష్ఠ కాలం పది రోజులు. ఆపై వివరాలు ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఆ సహాబియా ప్రశ్నకు హయా అడ్డు రాలేదు. వైద్యురాలి ముందు మన ఆడపడుచులకూ అది అడ్డు కారాదు. భర్తలు, అత్తమామలు ఆ మాట ముందుగా కదిపి వారికి ధైర్యమివ్వాలి.