ఒకటి కొడితే పది నాటుదామా?

గత నెల మా బడి తల్లిదండ్రుల సమావేశంలో కొత్త తరగతి గది సంగతి వచ్చింది. ఆవరణలోని పెద్ద వేపచెట్టు అడ్డంగా ఉంది. "ఒకటి కొడితే పది నాటుదాం" అన్నారు ఒక తండ్రి. ఎవరూ కాదనలేదు. మేమూ అనలేదు.

ఆ వారమే ఏడో తరగతికి ఉత్తర అమెరికా పాఠం మొదలైంది. సుపీరియర్, మిచిగాన్, హ్యూరాన్, ఈరీ, అంటారియో అని ఐదు మహా సరస్సుల పేర్లు వల్లె వేయించి, పటంలో నీలిరంగు పూయించి ముందుకు సాగడం మనకు అలవాటు. ఈసారి ఆ నీలిరంగు చుట్టూ ఉన్న అడవి కథ కూడా చెప్పాలనిపించింది.

మిచిగాన్, విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రాల్లో ఒకప్పుడు వైట్ పైన్ చెట్లు నూట యాభై అడుగుల దాకా పెరిగేవి. నిటారైన మాను, తేలికైన కలప, నీటిలో తేలుతుంది. ఆ తేలడమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. చలికాలంలో నరికి, గడ్డకట్టిన బాటల మీద జారుడుబండ్లతో నది ఒడ్డుకు చేర్చేవారు. మంచు కరిగి నదులు పొంగగానే దుంగలు మిల్లులకు కొట్టుకుపోయేవి. గోదావరిలో టేకు, వెదురు తెప్పలు దింపడం గురించి పెద్దల నోట విన్నవారికి ఇది కొత్తగా తోచదు. మిల్లుల నుంచి పలకలు సరస్సు మీదుగా ఓడల్లో షికాగోకు, అక్కడి నుంచి చెట్లులేని మైదానాల్లో ఇళ్లు కట్టుకునే రైతులకు చేరేవి. 1870 మొదలు సుమారు 1900 వరకు అమెరికా కలప ఉత్పత్తిలో మిచిగాన్‌దే మొదటి స్థానం. ఎన్నటికీ తరగదనుకున్న అడవి ఒక మనిషి ఆయుష్షులో అయిపోయింది.

దుంగలు పోయాయి కానీ కొమ్మలూ రెమ్మలూ నేల మీదే ఎండిపోయాయి. 1871 అక్టోబరు 8 రాత్రి విస్కాన్సిన్‌లోని పెష్టిగో ఊరిని మంటలు చుట్టుముట్టాయి. ఆ ఊళ్లో, చుట్టుపక్కల కనీసం 1,200 మంది చనిపోయారు. బతికినవారిలో చాలామంది నదిలోకి దిగి, మెడలోతు నీళ్లలో నిలబడి బతికారు. షికాగో నగరం తగలబడిందీ ఆ రాత్రే. అక్కడ పోయినవారు సుమారు 300 మంది. చరిత్ర పుస్తకాలు షికాగోనే గుర్తుపెట్టుకున్నాయి. పెష్టిగో పేరు మేమూ ఇప్పుడే విన్నాం.

మోడులు మిగిలిన భూమిని వ్యవసాయానికి అమ్మారు. చాలాచోట్ల ఇసుక నేల, పంట పండలేదు. పన్ను కట్టలేక రైతులు వదిలేసిన భూములు ప్రభుత్వపరమై, మళ్లీ అడవులుగా మార్చడం మొదలైంది. 1933 నుంచి 1942 వరకు సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే పథకం కింద, పనిలేని యువకులు మిచిగాన్ ఒక్క రాష్ట్రంలోనే 48 కోట్లకు పైగా మొక్కలు నాటారు. ఏటా వనమహోత్సవానికి నిరుటి గుంటలోనే మళ్లీ మొక్క పెట్టే మనం ఆ పనికి చేతులెత్తి దండం పెట్టాలి. నేల కోత ఆగింది, నీడ వచ్చింది.

అయినా పాత అడవి రాలేదు. చాలాచోట్ల రెడ్ పైన్ చెట్లు ఒకే వయసుతో, కొలబద్ద పెట్టినట్టు వరుసలుగా లేచాయి. వైట్ పైన్‌కు ఇంకో కష్టం వచ్చింది. అంతకుముందే, 1900 ప్రాంతంలో, నాటడానికి మొక్కలు చాలక యూరప్ నర్సరీల్లో పెంచిన వైట్ పైన్ మొక్కలు తెప్పించారు. వాటితోపాటు బ్లిస్టర్ రస్ట్ అనే బూజు తెగులు వచ్చిపడింది. అది పైన్ నుంచి పైన్‌కు నేరుగా సోకదు, మధ్యలో గూస్‌బెర్రీ జాతి పొదలు ఉండాలి. అందుకని ఆ పొదలను పీకే పని కూడా ఆ యువకుల మీదే పడింది. అడవిని తిరిగి తేబోయి తెగులును తెచ్చుకున్నారని చెబితే పిల్లలు నమ్మలేదు.

అదే విస్కాన్సిన్‌లో వూల్ఫ్ నది పక్కన మెనామినీ జాతివారి అడవి ఉంది. 1854 ఒప్పందం తరువాత వారికి మిగిలిన నేల సుమారు 2,35,000 ఎకరాలు. వారు చెట్లు కొట్టరని కాదు, కొడతారు. సొంత రంపపు మిల్లు కూడా ఉంది. ముదిరినవీ జబ్బుపడినవీ ముందు తీసి, ఎదిగేవాటిని వదలడం వారి పద్ధతి. ఇన్నేళ్లు కలప అమ్ముకున్నా, నిలిచి ఉన్న కలప 1854 నాటికంటే ఎక్కువే. ఉపగ్రహ చిత్రంలో వారి సరిహద్దు పచ్చటి గీతలా కనిపిస్తుంది.

"వాళ్లు నాటలేదా సార్?" అని వెనక బెంచీ పిల్ల అడిగింది. చాలావరకు గింజలు రాలి మొలిచినవే అన్నాం. మన వేప కింద కూడా మొలుస్తాయి సార్, ఊడ్చేస్తున్నాం కదా అంది.

మరునాడు మేస్త్రీని పిలిచి, గది ప్లాను ఆరడుగులు పక్కకు జరపవచ్చా అని అడిగాం. ప్రహరీ దాకా కొలిచి చెబుతానన్నాడు.